నల్ల ఫిల్ముల ముత్యం

ఆ శనివారం పొద్దున ముత్యం వేసుకున్న పథకం చాలా చిన్నది. దవాఖానకు అందరికంటే ముందు వెళ్లాలి. ఎక్స్‌రే గది మూలనున్న ఎర్ర డబ్బా మూత తీయాలి. అందులో కిక్కిరిసి ఉన్న ఖరాబు ఫిల్ముల్లో సగాన్ని ఎవరి కంటా పడకుండా మాయం చేయాలి. తర్వాత చేతులు కడుక్కుని, మధ్యాహ్నం కాజీపేట ప్యాసింజర్‌లో దిగబోయే డాక్టరమ్మకు వినయంగా నమస్కారం పెట్టాలి. ఇంతే. ఇంత చిన్న పని చేసుకోలేనివాడు ఎవడైనా ఉంటాడా అని మీరనొచ్చు. ముత్యం సంగతి తెలియదు కాబట్టి అంటారు.

ముత్యం మంచిర్యాలలో ఒక ట్రస్టు నడిపే గంగాబాయి ధర్మ దవాఖానలో ఎక్స్‌రే టెక్నీషియన్. మనిషి బంగారం. కానీ డార్క్‌రూం తలుపు వేసుకుని, ఎర్ర బల్బు వెలుతురులో ఫిల్మును మందునీళ్ల తొట్టెలోకి దించాడంటే ఇక ఈ లోకంలో ఉండడు. నీళ్లలోంచి ముందు ఒక మసక తేలుతుంది. ఆ మసకలోంచి నెమ్మదిగా ఒక భుజం, ఒక పక్కటెముకల గూడు, ఒక అరచెయ్యి బయటికొస్తాయి. ఈ చెయ్యి ఏ పొలంలో నాటు వేసి ఉంటుంది, ఎవరి తల నిమిరి ఉంటుంది, ఈ వెన్ను బొగ్గు బావిలో ఎంత బరువు మోసి ఉంటుంది అనుకుంటూ చూస్తూ నిలబడిపోతాడు. ఆ నిలబడడంలో ఫిల్మును తీయాల్సిన వేళ దాటిపోతుంది. ఈయన తెలివిలోకి వచ్చేసరికి అది మాడిన జొన్నరొట్టెలా నల్లగా ఉంటుంది.

ఈ సంగతి చాలాకాలం ఎవరికీ పట్టలేదు. నల్లబడిన ఫిల్మును పక్కన పడేసి ముత్యం మళ్లీ తీసేవాడు. రోగులు కూడా సంతోషించేవారు, ఈ దవాఖానలో రెండేసిసార్లు చూస్తారని. అయితే సూపరింటెండెంట్ డాక్టర్ రాజేశ్వర్‌రావు ఆ మధ్య హైదరాబాద్‌లో ఏదో సదస్సుకు వెళ్లి, వస్తూ వస్తూ 'క్వాలిటీ' అనే మాటను వెంట తెచ్చుకున్నాడు. వచ్చిన మర్నాడే ఎక్స్‌రే గదిలో ఒక చెక్క డబ్బా పెట్టించి, దానికి ఎర్ర రంగు వేయించాడు.

"ఖరాబైన ప్రతి ఫిల్ము గీ డబ్బల పడాలె ముత్యం. పారేసుడు లేదు, దాచుడు లేదు. ట్రస్టు దిక్కు నుంచి డాక్టర్ లీలాబాయి మేడం వచ్చి మూత తీసి చూస్తది. సగం కన్న తక్కువుంటె క్వాలిటీ ఉన్నట్టు. సగం దాటితె..."

"దాటితె ఏమయితది సార్?"

"ఉట్నూరు," అన్నాడు డాక్టర్, ఒక్క ముక్కలో.

ఉట్నూరులో ట్రస్టుకు ఇంకో చిన్న దవాఖాన ఉంది, అక్కడా ఇలాంటి డబ్బా ఒకటి పెట్టించారు. అడవి దాటి వెళ్లాలి. అక్కడి ఎక్స్‌రే యంత్రం మొక్కితే తప్ప వెలగదని, డార్క్‌రూం తలుపు సందుల్లోంచి ఎండ వస్తుందని చెప్పుకుంటారు. ముత్యానికి యంత్రంతో పేచీ లేదు. పేచీ అంతా భూదేవిని విడిచి వెళ్లడంతోనే. భూదేవి అంటే ఆయన భార్య. ఎనిమిదో నెల నడుస్తోంది. పిల్ల పుట్టినా పిల్లగాడు పుట్టినా మొట్టమొదట తానే ఎత్తుకోవాలని ముత్యం కోరిక. అది ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పుకుంటే నవ్వుతారని. ఈ సమయంలో ఉట్నూరు అనే మాట వింటేనే ఆయన ఇంటి దిక్కు చూసేవాడు.

ఆ రోజు మాఘ అమావాస్య. ఎనభయ్యవ సంవత్సరపు పెద్ద సూర్యగ్రహణం ఆ మధ్యాహ్నం దాటాకే. దాని గురించి రేడియో వారం రోజులుగా హోరెత్తించింది. మంచిర్యాలలో పూర్తిగా పట్టదట కానీ, గోరంత మాత్రమే మిగులుతుందట. భూదేవిని చూసుకోవడానికి వచ్చిన ఆమె తల్లి బాలవ్వ తెల్లవారకముందే కిటికీలకు చీరలు కట్టేసి, ఉప్పు జాడీ దగ్గర్నుంచి మామిడికాయ తొక్కు దాకా అన్నిటి మీదా గరిక పెట్టేసింది.

"నన్నైతె మా అవ్వ కదలనియ్యది," అంది భూదేవి, ఆయన చెప్పులేసుకుంటుంటే. "నువ్వన్న మంచిగ సూసి వచ్చి నాకు జెప్పాలె, సూర్యుడు ఎట్లుండెనో."

"అన్నీ జెప్త తియ్యి. నువ్వు సూసినట్టే ఉండాలె, గట్ల జెప్త," అన్నాడు ముత్యం.

దవాఖానకు ముందే చేరాడు. మూత కూడా తీశాడు. అక్కడే చిక్కొచ్చింది. తీసిన ఫిల్ముల్ని ఎక్కడ పడేయాలో ఆలోచించుకోలేదు. కాలిస్తే కంపు కొడుతుంది. గోదావరిలో వేస్తే తేలుతాయి. ఆ బరువును రెండు చేతులా ఎత్తుకుని గది మధ్యలో నిలబడి, గోదావరిలో నల్ల ఫిల్ములు బాతుల్లా బారులు తీరి పోతున్నట్టు ఊహించుకుంటూ ఉండగా, ఎదురుగా చాయ్ హోటల్ నడిపే కొమురెల్లి కిటికీలోంచి తల పెట్టాడు.

"తమ్మీ, ఖరాబైన ఫిల్ము ఒకటి ఉంటె ఇయ్యరాదు. ఉత్త కండ్లతోని సూర్యున్ని సూడొద్దని రేడియోల ఒకటే మొత్తుకుంటున్నరు. మంచిగ కాటుక లెక్క నల్లగున్నది గావాలె, బొక్కలు గిక్కలు కనబడొద్దు."

ముత్యానికి ఎదురుగా కొమురెల్లి కాదు, వేములవాడ రాజన్న దేవుడే నిలబడినట్టు అనిపించింది.

"ఒకటేందన్నా, ఇగో, గివన్ని తీస్కపో. రెండ్రెండు కలిపి పట్టుకొని సూడుండ్రి, ఒక్కటైతె కండ్లకు మంచిది గాదు. గని ఒక్క మాట. ఎవ్వలకు జెప్పకు."

"నేనా? నా నోట్లె నువ్వు గింజ గూడ దాగదని... అంటె, దాగుతది, దాగుతది. ఫికర్ జెయ్యకు," అని కొమురెల్లి కట్టను చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

చాయ్ హోటల్ వాడికి రహస్యం చెప్పడమంటే మంచిర్యాల స్టేషన్ మైకులో చెప్పినట్టేనని ముత్యానికి తట్టలేదు. శివరాత్రి జాతర చూసుకుని వేములవాడ నుంచి తిరిగొస్తున్న జనం మధ్యాహ్నానికి బస్సు దిగి చాయ్ తాగుతున్నారు. కొమురెల్లి గర్వంగా ఒక ఫిల్ము ఎత్తి సూర్యుడిని చూపించాడు. చూసినవాడు 'అరే, చందమామ లెక్క ఉన్నడు' అని కేకేశాడు. ఇంకేముంది! ముత్యం డబ్బా వైపు చూసి, సగం కంటే ఇంకో వేలెడు ఎక్కువే ఉంది, ఇంకొన్ని తీస్తే సరి అనుకునేలోపే ఎక్స్‌రే గది ముందు వరుస మొదలైంది. అది వరండా దాటి, మెట్లు దిగి, గేటు దాకా పాకింది.

సరిగ్గా అప్పుడు సూపరింటెండెంట్ రాజేశ్వర్‌రావు రౌండ్సుకు బయల్దేరాడు. ఆయన మనసు అప్పటికే బాగాలేదు. గ్రహణం పూట దవాఖానలో ఉండబోమని రోగులంతా పొద్దున్నే ఇళ్లకు పోయారు. తనిఖీ నాడు దవాఖాన ఇలా బోసిపోతే లీలాబాయి ఏమనుకుంటుందని ఆయన దిగులు. అలాంటివాడికి ఎక్స్‌రే గది ముందు అంత వరుస కనబడేసరికి ప్రాణం లేచివచ్చింది. ముందు నిలబడ్డ రాజం అనే మేస్త్రీ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏం తకలీఫయ్యా నీకు?"

ఫిల్ము కోసం వచ్చానంటే పెద్ద డాక్టరు తరిమేస్తాడని రాజం భయపడ్డాడు. నోటికొచ్చింది చెప్పాడు.

"నడుము నొస్తున్నది సార్."

"నీకు?"

"నాకు గూడ నడుమే సార్," అన్నాడు వెనకవాడు. వాడి వెనకవాడూ అదే అన్నాడు. నడుము నొప్పి అలా చేతులు మారుతూ గేటు దాకా వెళ్లింది. చివర నిలబడ్డ ముసలమ్మకు ముందున్నవాళ్లు చెప్పింది వినబడక, ఎందుకైనా మంచిదని నడుము పట్టుకుని మూలిగింది.

రాజేశ్వర్‌రావు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఇంతమందికి ఒక్కపాలి నడుము నొప్పి! గ్రహణానికి దీనికి ఏదో సంబంధం ఉన్నదయ్యా ముత్యం. దీని మీద నేను పేపరు రాస్త. అందరికి తియ్యి. ఒక్కరిని గూడ వదలకు. మేడం వచ్చేసరికి ఫిల్ములు ఆరి ఉండాలె."

"సార్, గీళ్లు అసలు..."

"క్వాలిటీ, ముత్యం! క్వాలిటీ!" అంటూ ఆయన తలుపు దగ్గరే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

చేసేదేముంది? రాజాన్ని బల్ల మీద పడుకోబెట్టాడు. రాజం గుసగుసగా బతిమాలుకున్నాడు. "అన్నా, నా నడుము రాయి లెక్కున్నది. నల్లది ఒక్కటి ఇస్తె నా తొవ్వ నేను పోత."

"సప్పుడు జెయ్యకు, సార్ దర్వాజ కాడ్నే ఉన్నడు. ఊపిరి బిగపట్టు."

ఎక్స్‌రే తీసి, ఫిల్మున్న క్యాసెట్ పెట్టె పట్టుకుని డార్క్‌రూంలోకి పోతూ ముత్యం ఆయమ్మ ఐలవ్వ చెవిలో ఒక మాట వేశాడు. ఐలవ్వ ఎక్స్‌రే గది ఊడ్చే పెద్దావిడ. చెయ్యి చాచినవాళ్లకు లేదనడం ఆవిడకు పుట్టుకతోనే రాదు.

"అవ్వా, సార్ లేచి అటు పోంగనే, గా ఎర్ర డబ్బలకెల్లి తలా ఒకటి ఇచ్చి పంపు. సగం కాడికి రాంగనే ఆపు. సమజైందా?"

"సమజైంది బిడ్డా, నువ్వు లోపటికి పో."

ముత్యం లోపలికి పోయాడు. తలుపు పడింది. ఎర్ర బల్బు వెలిగింది. రాజం వెన్ను తొట్టెలోంచి పూసపూసగా తేలసాగింది. ఎంత చక్కని వెన్నో! ఇన్ని గోడలు లేపిన మనిషిది, ఒక్క పూస కూడా వంగలేదు. ఈ లోపల సూర్యుడికి గ్రహణం పడుతూ ఉంటుంది, బయట లోకమంతా ఇప్పుడు ఒక పెద్ద డార్క్‌రూం అయిపోతుంది కాబోలు, ఆకాశపు తొట్టెలోంచి చుక్కలు ఒక్కటొక్కటే తేలివస్తాయి కాబోలు, ఇంట్లో చీరలు కట్టిన కిటికీ వెనక భూదేవి కడుపులో ఒక చిన్న వెన్ను ఇలాగే పూసపూసగా... తొట్టెలో రాజం నల్లబడిపోయాడు.

ముత్యం నాలుక కరుచుకుని బయటికొచ్చాడు. గుమ్మంలో కాచుకున్న రాజం తడి ఫిల్మును చూడగానే, "గిదే గావాలె అన్నా!" అని లాక్కుని పరుగెత్తాడు. సూపరింటెండెంట్ కుర్చీ ఖాళీగా ఉంది. స్టేషన్‌కు పోయే జీపు సంగతి చూడడానికి వెళ్లాడట. వరుస కూడా లేదు. వరండా అంతా ఊడ్చినట్టు ఉంది. ఐలవ్వ మెట్ల మీద కూర్చుని కొంగుతో చెమట తుడుచుకుంటోంది.

ముత్యం ఎర్ర డబ్బాలోకి చూశాడు. అడుగున వేసిన రంగు కొత్తగా మెరుస్తోంది. ఒక్క ఫిల్ము లేదు.

"అవ్వా! సగం కాడ ఆపుమంటి గదా!"

"ఆపుదామనే అనుకున్న బిడ్డా. గని ఒకలకు ఇచ్చి ఇంకొకలకు లేదంటె మంచిగుంటదా? గ్రహణం పూట, పాపం తలుగుతది." ఐలవ్వ అక్కడితో ఆగితే బాగుండేది. "డబ్బల అయిపోయినంక గూడ జనం ఉండిరి. గందుకని బీరువల ఉన్నయి గూడ ఇచ్చిన. గవి మంచిగ లెవ్వని తిట్టిండ్రు బిడ్డా. అన్ని బొక్కలే కనబడ్తున్నయట."

బీరువా! ముత్యం బీరువా తలుపు తీశాడు. రోగుల మంచి ఫిల్ములన్నీ ఉండేది అందులోనే. పై అరలో, విడిగా, తెల్ల కవరులో జానకీబాయి తుంటి ఫిల్ము ఉండాలి. జానకీబాయి ట్రస్టు అధ్యక్షుడి కన్నతల్లి. తుంటి విరిగితే ఇనుప మేకు వేశారు. ఆ మేకు ఉంచాలా తీయాలా అన్నది ఆ ఫిల్ము చూసి తేల్చడానికే అసలు లీలాబాయి వస్తోంది, డబ్బా తనిఖీ దాంతోపాటు చేసుకుపోయే పని. సూపరింటెండెంట్ నెత్తిన నిలబడి తీయించాడు కాబట్టి, ముత్యం జీవితంలో కలగనకుండా తీసిన ఒకే ఒక్క ఫిల్ము అది. కవరు ఉంది. ఫిల్ము లేదు.

"మేకున్న బొక్కా? గది గడ్డపాయన ఎవలో తీస్కపోయిండు," అంది ఐలవ్వ. "టేషన్ దిక్కు పోయిండు."

డబ్బా నిండా ఉంటే ఉట్నూరు. డబ్బా ఖాళీగా ఉంటే, దాచావని ఉట్నూరు. జానకీబాయి తుంటి పోతే ఉట్నూరు కూడా దక్కదు, ఉద్యోగమే ఊడుతుంది. పొద్దున ఖరాబు ఫిల్ముల్ని వదిలించుకోవడానికి తిప్పలు పడ్డ మనిషి, ఇప్పుడు వాటి కోసం చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీద పడ్డాడు.

బయట వెలుతురు మారిపోయింది. ఎండ ఉంది కానీ వేడి లేదు. పసుపు నీళ్లు చల్లినట్టు బజారంతా మెత్తగా, పలుచగా ఉంది. సగం ఇళ్ల తలుపులు మూసే ఉన్నాయి. మిగిలిన సగం జనం మిద్దెల మీద, అరుగుల మీద, ఆగిన ఎడ్లబండ్ల మీద నిలబడి, మొహాలు పైకెత్తి, కళ్లకు ఫిల్ములు అడ్డం పెట్టుకుని కదలకుండా ఉన్నారు. ఎవరూ మాట్లాడడం లేదు. కాకులు గూళ్లకు పోతున్నాయి. గాలి చల్లబడింది. ముత్యం పరుగు తనకు తెలియకుండానే నడక అయింది. ఈ ఊరు తనదేనా, తాను మేలుకునే ఉన్నాడా అనిపించింది ఆయనకు.

ఫిల్ముల్ని కింది నుంచి చూసి మనుషుల్ని గుర్తుపడుతూ పోయాడు. బియ్యం కొట్టు ముందు సేటు చేతిలో ఉన్నది రిక్షా లక్ష్మీరాజం మోకాలు. లక్ష్మీరాజం మాత్రం సేటు గారి పక్కటెముకల్లోంచి సూర్యుడిని చూస్తున్నాడు. తపాలా బంట్రోతు కళ్ల ముందు ఎవరిదో చంటిపిల్ల అరచెయ్యి ఉంది. ఒకరి ఎముకల్లోంచి ఒకరు ఆకాశం చూసుకుంటున్నారు.  ఇన్నేళ్లుగా ముత్యం ఒక్కడే చూసినవి ఇప్పుడు ఊరంతా చూస్తోంది.

"అన్నా, మేకున్నదా నీ దాంట్ల?" అని అడుగుతూ పోయాడు.

"లేదు తమ్మీ. ముందట నుంచి జరుగు, అడ్డమొస్తున్నవు."

"జర నా ఫిల్ము నాకియ్యిండ్రి, పుణ్యముంటది."

"విడుపు అయినంక ఇస్తం తియ్యి. గిప్పుడే మంచిగ పట్టింది."

స్టేషన్ ముందు వేపచెట్టు కిందికి వచ్చేసరికి ఆయన కాళ్లు ఆగిపోయాయి. నేల మీద ఆకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కలన్నీ నెలవంకలై ఉన్నాయి. చెట్టు కిందంతా చిన్న చిన్న నెలవంకలు, గాలికి ఆకులు కదిలితే ఒక్కసారిగా అన్నీ ఊగుతున్నాయి. వాటిని తొక్కడానికి మనసు రాక ముత్యం చుట్టూ తిరిగి ప్లాట్‌ఫాం ఎక్కాడు.

కాజీపేట ప్యాసింజర్ వచ్చి ఆగి ఉంది. ఎంతసేపైందో తెలియదు, కదిలే సూచన మాత్రం లేదు. డ్రైవరు ఇంజను మెట్టు మీద నిలబడి ఫిల్ములోంచి పైకి చూస్తున్నాడు. గార్డు ఆయన చెయ్యి ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కింద కాచుకున్నాడు. ప్లాట్‌ఫాం నడిమధ్యలో, తెల్ల చీరలో, గొడుగు చంకన పెట్టుకుని డాక్టర్ లీలాబాయి నిలబడి ఉంది. ఆవిడ చూపు పడితే బాగున్న ఫిల్ము కూడా బెదిరిపోతుందని టెక్నీషియన్లు చెప్పుకునేవారు. ఆ లీలాబాయి రెండు చేతులా ఒక ఫిల్మును సూర్యుడి కెదురుగా ఎత్తి పట్టుకుంది. ఫిల్ము మూలన జానకీబాయి పేరు ఉంది, నడుమ తుంటి ఉంది. తుంటిలో మేకు ఉంది. మేకు కొసన గోరంత సూర్యుడు ఉన్నాడు. గడ్డపాయన పక్కన చేతులు కట్టుకుని, తన వంతు మళ్లీ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాడు.

"ఎంత చక్కగున్నది," అంది లీలాబాయి, ఎవరితోనో కాదు, తనలో తాను. "మేకు ఒక్క వెంట్రుక గూడ జరగలే. జానకీబాయిగారికి ఏం తీసుడు అవసరం లేదు. ఈ ఫిల్ము తీసిందెవరు?"

"నేనే మేడం," అన్నాడు ముత్యం. అనక తప్పలేదు. ఆయాసంతో ఆ మాట ఏడుపులా వచ్చింది.

ఆవిడ చుట్టూ చూసింది. ప్లాట్‌ఫాం పొడవునా జనం చేతుల్లో ఫిల్ములే. "ఇయ్యన్ని నీయేనా? వరుసగ నిలబడుండ్రయ్యా, చూస్త," అంది. జనం నిలబడ్డారు. సూర్యుడే దీపంగా, గ్రహణమే తెరగా ఆవిడ ఒక్కో ఫిల్మునూ చూస్తూ నడిచింది. ముత్యం వెనక నడిచాడు. మూడో నాలుగో మనిషి దగ్గర నల్ల ఫిల్ములు మొదలయ్యాయి. ఆ తర్వాత అన్నీ నల్లవే.

"ఇదేంది? దీంట్ల ఏం కనబడ్తలేదు?"

"గదే మంచిది డాక్టరమ్మా!" ఆ ఫిల్ము చేతిలో ఉన్నవాడు రాజమే. "గా బొక్కలయి వేస్టు. గీ నల్లయి జోడిచ్చి సూడుండ్రి, సూర్యుడు దేవుడి లెక్క కనబడ్తడు. ముత్యమన్న నాకోసమని అప్పటికప్పుడు తయారు జేసి ఇచ్చిండు. గిగో, ఇంక తడి గూడ ఆరలే."

లీలాబాయి చూసింది. చాలాసేపు చూసింది. అదే వేళకు సూపరింటెండెంట్ రాజేశ్వర్‌రావు రొప్పుతూ ప్లాట్‌ఫాం మీదికి వచ్చి, తన దవాఖాన బీరువా మొత్తం జనం చేతుల్లో ఉండడం చూసి గుండె పట్టుకున్నాడు. ఆవిడ ఆయన వైపు తిరిగింది. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి, ఎక్కువసేపు సూర్యుడిని చూసినందుకో మరెందుకో.

"ఇరవై ఏండ్ల సంది దవాఖానలు తిరుగుతున్న రావుగారూ. ఫిల్ములు బీరువలల్ల దాచుకునేటోళ్లను చూసిన. జనం ముందల పెట్టి, సూర్యుని కెదురుగ పట్టి చూసుకోండ్రి అన్నోన్ని ఇయ్యాలనే చూసిన. ఊరోళ్ల కండ్లు పోవద్దని నల్లయి కావాలనే చేయించిండ్రా?"

"కావాలనే మేడం!" అన్నాడు సూపరింటెండెంట్, రెప్ప వేయకుండా. "అది మా క్వాలిటీల ఒక భాగం."

ఆ వెలుతురే అలాంటిదేమో. ఎవరు ఏమన్నా నమ్మబుద్ధయ్యేలా ఉంది.

విడుపయ్యాక దవాఖానకు వచ్చారు. అప్పటికే జనం మంచి ఫిల్ముల్ని తెచ్చి ఐలవ్వ ఒళ్లో పోస్తున్నారు. గ్రహణం పట్టిన వస్తువని గోదావరి నీళ్లు చల్లి మరీ ఇస్తున్నారు. నల్ల ఫిల్ముల్ని మాత్రం ఒక్కరూ ఇవ్వలేదు. అంత మంచి వస్తువు మళ్లీ దొరకదని పెట్టెల్లో దాచుకున్నారు. లీలాబాయి నేరుగా వెళ్లి ఎర్ర డబ్బా మూత తీసింది. లోపలికి చూసింది. చెయ్యి పెట్టి తడిమింది కూడా.

"ఒక్కటి గూడ లేదు," అంది మెల్లగా.

"ఒక్కటి గూడ ఉండది మేడం," అన్నాడు సూపరింటెండెంట్.

ముత్యానికి ఊపిరి ఆడింది. బతికాను అనుకున్నాడు. భూదేవి, గోదావరి ఒడ్డు ఇల్లు, రాబోయే బిడ్డ, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు మెదిలి, నిలబడ్డచోటే చిన్నగా నవ్వుకున్నాడు. ఆ నవ్వులో ఉండబట్టి లీలాబాయి మాట మొదలు ఆయనకు వినబడలేదు.

"...గంత పనిమంతుడు ఈడ ఉండి ఏం లాభం? ఈడ పని మంచిగనే నడుస్తున్నది. మన ఉట్నూరుల హనుమండ్లు అని ఒకాయన ఉన్నడు, ఆయన డబ్బ మీద మూత పడ్తలేదు. అసొంటి కాడ ఉండాలె గిసొంటోడు. సోమవారం ఆర్డర్ ఇచ్చేద్దాం."

ముత్యం అదిరిపడ్డాడు. "మేడం! వద్దు మేడం! నాకేం రాదు! గా నల్లయన్ని నేను ఖరాబు జేసినయే! కలలు కనుకుంట నిలబడ్త మేడం, ఫిల్ము తీసుడు మర్శిపోత. డబ్బ పొద్దున మూతకు తాకుతుండె. నేనే పంచిన! ఐలవ్వను అడుగుండ్రి!"

"అవును డాక్టరమ్మా," అంది ఐలవ్వ, బిడ్డకు మంచి జరుగుతోందనుకుని. "అందరికి నా శేతులతోని పంచిపిచ్చిండు. బంగారమసొంటి పిలగాడు."

"చూసిండ్రా రావుగారూ?" అంది లీలాబాయి ముచ్చటపడిపోతూ. "పని వచ్చినోడు గిట్లనే మాట్లాడ్తడు. రానోడే నాకు అంత వచ్చునంటడు."

సూపరింటెండెంట్ తల వంచుకున్నాడు. ఆ వంచుకోవడం ఆవిడకు వినయంగా కనబడింది.

సాయంత్రం ముత్యం ఇంటికి చేరేసరికి బాలవ్వ ఇల్లంతా కడిగి పొయ్యి ముట్టించింది. భూదేవి తలస్నానం చేసి వెనక అరుగు మీద కూర్చుంది. ఆయన పక్కన కూర్చోగానే ఆవిడ అడిగింది.

"జెప్తనంటివి గదా. సూర్యుడు ఎట్లుండె?"

అప్పుడు తట్టింది ముత్యానికి. మంచిర్యాలంతా ఆయన ఫిల్ములోంచి సూర్యుడిని చూసింది. ఆయన ఒక్కసారి కూడా తలెత్తలేదు.

"సూడలే," అన్నాడు. "టేషన్ కాడ వేపశెట్టు కింద నెలవంకలు పడ్డయి. నేల నిండ. గాలొస్తె అన్ని ఊగినయి. తొక్కబుద్ధి గాలే. గంతే సూసిన." ఆమె వైపు తిరిగాడు. "నన్ను ఉట్నూరు పంపుతున్నరు భూదేవీ. నీ కాన్పుకు ఉంటనో ఉండనో."

 స్టేషన్ వైపు నుంచి ఆలస్యంగా బయల్దేరిన రైలు చప్పుడు వినబడింది. భూదేవి ఆయన చెయ్యి తీసుకుని తన పొట్ట మీద పెట్టింది. లోపల ఏదో చిన్నగా తన్నింది.

"గిప్పుడే సూసుకో మరి," అంది. "ఇంకొన్నొద్దులైతె సూద్దామంటె నువ్వుండవు."

ముత్యం ఏడ్చాడు. సిగ్గుపడకుండా ఏడ్చాడు. భూదేవి కూడా కళ్లు తుడుచుకుంది కానీ, ఊరికే ఉండలేక, "గింత మంచి పనోనివని నాకు గూడ తెల్వదు గదా," అని నవ్వింది కూడా.

సోమవారం ఆర్డర్ వచ్చింది. నాణ్యతకు ప్రాణం పెట్టే పనిమంతుడని పొగుడుతూ ముత్యాన్ని ఉట్నూరు బస్సెక్కించారు. జిల్లా మొత్తం మీద అందరికంటే ఎక్కువ ఫిల్ములు ఖరాబు చేసిన హనుమండ్లును, దానికి శిక్షగా, మంచిర్యాలకు బదిలీ చేశారు.